మన్యమునకు మూడు దారులు

చలికాలము సమీపించినదనిన విశాఖపట్టణపు ఇండ్లలో ఒక ప్రశ్న వినవచ్చును. దూరపు చుట్టములు వచ్చినను, పిల్లలకు నాలుగు దినములు సెలవు దొరకినను అదే ప్రశ్న: అరకు లోయకు ఎట్లు పోవలెను? సమాధానము కష్టమైనది కాదు. రైలు కలదు, బస్సు కలదు, కారు గలవారికి కారు కలదు. అయితే ఏ దారిని పోయినను, ఆ దారిని ఎవరు, ఎవరి కొరకు వేసిరో తెలిసికొని పోయినచో ప్రయాణము వేరుగా ఉండును. ఈ పూట ఆ రెండు సంగతులను కలిపి మనవి చేయదలచినాను.

అరకు లోయ తూర్పు కనుమలలో సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. విశాఖపట్టణము నుండి రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. పటములో చూచిన ఇది దగ్గరి దూరమే. కాని అందులో సగమునకు దగ్గరగా కొండదారియే. 2022 నుండి ఈ ప్రాంతము పాడేరు కేంద్రముగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరియున్నది.

మొదట రైలుదారిని చెప్పుదును. విశాఖపట్టణమున ఉదయము బయలుదేరి కిరందుల్ పోవు బండి సుమారు నాలుగు గంటలలో అరకు చేర్చును. కొత్తవలస దాటి, శృంగవరపుకోట దాటిన తరువాత మైదానము ముగియును. బొడ్డవర, శివలింగపురము, త్యాడ, చిమిడిపల్లి అను స్టేషన్లు ఒక నిచ్చెనకు మెట్లవలె ఒకదానికంటె ఒకటి ఎత్తున ఉండును. సొరంగము వెంట సొరంగము వచ్చుచుండును. వ్రేళ్ళు మడచి లెక్కించుచు కూర్చున్న పిల్లలు నడుమనే లెక్క తప్పుదురు. కిరందుల్ వరకు గల ఈ మార్గములో 50కి పైగా సొరంగములు కలవు. అరకునకు ముందు వచ్చు శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉన్నది. బ్రాడ్‌గేజి స్టేషన్లలో అంత ఎత్తున ఉన్నది దేశములో మరియొకటి లేదని చాలకాలము దానికి పేరు.

బొర్రా గుహలు చూడదలచినవారు ఆ పేరుగల స్టేషనులోనే దిగవచ్చును. గుహలు చూచుకొని, అక్కడినుండి జీపుమీదనో ఆటోమీదనో రోడ్డుదారిని అరకు చేరవచ్చును. 2017లో ఈ బండికి అద్దపు పైకప్పు, పెద్ద కిటికీలు గల పెట్టెనొకదానిని చేర్చినారు. అందులో చోటు కావలెనన్న ముందుగా టికెట్టు తీసికొనవలెను. దొరకకున్న విచారింపనక్కరలేదు. సాధారణపు పెట్టె కిటికీలోనుండి కూడ అదే కొండ, అదే లోయ కనబడును. పైగా అందులో కొండవారు గంపలతో, మూటలతో ఎక్కుదురు. ఏ స్టేషనులో ఎవరు దిగిరో, ఏ కాలిబాట పట్టిరో గమనించిన, స్టేషను ఒక్కటే కనబడుచోట వెనుక ఎన్ని పల్లెలున్నవో తెలియును.

ఇంత అందమైన రైలుదారి మన విహారము కొరకు వేసినది కాదు. బస్తరునందలి బైలదిల్లా కొండల ఇనుప రాయిని విశాఖ రేవునకు దించి, ఓడలమీద జపానునకు పంపుట కొరకు 1960ల దశకములో దీనిని నిర్మించిరి. నేటికిని ఇనుప రాతిని నింపుకొని దిగు పొడవైన గూడ్సు బండ్లు ఈ దారిలో ఎదురగును. మన బండి ఏదేని స్టేషనులో ఆగియుండగా అట్టి బండి ప్రక్కనుండి పోవునప్పుడు, దాని పెట్టెలను లెక్కించుచు ఈ మాటను పిల్లలకు చెప్పదగును.

రెండవది రోడ్డుదారి. విశాఖపట్టణము నుండి ఆర్టీసీ బస్సులు శృంగవరపుకోట మీదుగా అరకు పోవుచుండును. శృంగవరపుకోట దాటిన పిదప ఘాట్ రోడ్డు మొదలగును. మలుపు మలుపునకు గాలి చల్లబడును. అనంతగిరి చేరుసరికి సిల్వర్ ఓక్ చెట్ల నీడను కాఫీ తోటలు కనబడును. ఆ చెట్లకు మిరియపు తీగలు అల్లుకొనియుండును. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. వానలు వెనుకబట్టిన పిదప వలిసె చేలు పూచి లోయ పచ్చబడును. పచ్చయనిన ఆకుపచ్చ కాదు, పసుపుపచ్చ.

కడుపులో త్రిప్పు స్వభావము గలవారు బస్సులో ముందు వరుసలలో కూర్చుండుట మేలు. ఎక్కుటకు ముందు మితముగా భుజింపవలెను. పోవునప్పుడు రైలునెక్కి, వచ్చునప్పుడు బస్సులో దిగినవారికి రెండు దారులును చూచిన తృప్తి కలుగును. లోయలో ఒక రాత్రియైనను ఉండునట్లు ఏర్పాటు చేసికొనిన ఆ తృప్తి నిలుచును. ఒక్క పగటిలో పోయి రావలెననుకొనువారు దారినే చూతురుగాని ఊరిని చూడలేరు.

పాడేరు మీదుగా మరియొక రోడ్డు కలదు. చోడవరము, మాడుగుల దాటి ఘాట్ ఎక్కి పాడేరు చేరి, అక్కడినుండి హుకుంపేట, డుంబ్రిగూడ మీదుగా అరకు రావచ్చును. చాపరాయి నీటివాలు ఈ దారిలోనిదే. చుట్టుదారియైనను, ఒకమారు వచ్చినవారు రెండవమారు ఇటు వచ్చుట బాగు.

కొండరోడ్డు అనగానే ఒక పాతకథను తలచుకొనవలెను. పాడేరునకు దక్షిణముగా నర్సీపట్టణము నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు ఉన్నది. బ్రిటిషు ప్రభుత్వకాలములో ఆ ప్రాంతపు రోడ్డు పనులకు కొండవారిని బలవంతముగా పిలిచి, చాలీచాలని కూలికి పని చేయించిరి. అడవిమీద వారికి గల హక్కులు అంతకు ముందే తగ్గినవి. ఈ రెండు బాధలును కలిసి 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున జరిగిన తిరుగుబాటునకు కారణములైనవి. ఆ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన మొదట ముట్టడించినది చింతపల్లి పోలీసు ఠాణానే. నేడు మంచు చూచుటకు లంబసింగి పోవు కార్లు తిరుగు మలుపులలో ఆనాటివారి చెమట కలదు.

ఇక మూడవ దారి. దీనికి టికెట్టు లేదు, బస్సు లేదు. అది కాలిబాట. తారు రోడ్డు ముగిసినచోట అది మొదలగును. యాత్రికుడు సాధారణముగా అక్కడనే వెనుదిరుగును. కొండవారిలో ఎందరికో ఇల్లు అక్కడినుండి ఇంకను దూరము.

కొన్నేండ్ల క్రిందట నేను, నా మిత్రులిద్దరు పాడేరు ప్రాంతమున ఒక జీపును మాట్లాడుకొని తిరుగుచుంటిమి. ఒకచోట తారు ఆగిపోయినది. జీపు త్రిప్పుకొనుచుండగా కొండమీదినుండి నలుగురు మనుష్యులు దిగి వచ్చిరి. భుజములమీద వెదురు బొంగు, దానికి కట్టిన దుప్పటి, దుప్పటిలో నిండు చూలాలు. వెనుక ఒక ముసలమ్మ, చేతిలో నీళ్ళ సీసా.

డ్రైవరు మావైపు తిరిగి, "బాబూ, కాస్త దిగండి. ఈ అమ్మని పాడేరు ఆస్పత్రిలో దించి వచ్చేస్తాను" అన్నాడు. మేము దిగితిమి. ఎప్పుడు బయలుదేరితిరని నేను బొంగు మోసినవానిని అడిగితిని. "కోడి కూసినప్పుడు బాబూ" అన్నాడు. అప్పటికి పదిగంటలు దాటినది. ముసలమ్మ జీపులో ఎక్కినది. మోసినవారిలో ఒకడు వెనుక వ్రేలాడెను. తక్కిన ముగ్గురు మాతోపాటు బండమీద కూర్చుండిరి.

జీపు తిరిగివచ్చుటకు రెండు గంటలు పట్టినది. ఆస్పత్రిలో చేర్చితినని మాత్రము డ్రైవరు చెప్పెను. తరువాత ఏమైనదో మాకు తెలియదు. ఆ దినమున మేము చూడదలచిన జలపాతమును చూడలేదు. కాని మన్యమునందు దారియనిన ఏమో ఆనాడే తెలిసినది. మాకు ఆ జీపు విహారము కొరకు. వారికి అది ఆస్పత్రికిని ఇంటికిని నడుమ మిగిలిన ఒకే ఒక వంతెన.

డోలీలో రోగులను మోయుట నేటికిని పూర్తిగా తప్పలేదు. పల్లెలకు రోడ్లు వేయుటకై 2000లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనయు, అత్యంత వెనుకబడిన గిరిజన సమూహముల ఆవాసములకై 2023లో పీఎం జన్‌మన్ పథకమును మొదలైనవి. రోడ్డు పడిన పల్లెలు పెరిగినవి. కాని పదిండ్లు ఒక శిఖరమున, పదునైదిండ్లు వేరొక శిఖరమున ఉన్నచోట ఆ పని త్వరగా ముగియునది కాదు. నడుమ వాగులు, అడవి, జారు నేల. ఒక్క పెద్దవానకు ఏడాది కష్టము కొట్టుకొనిపోవును.

ఈ సంగతి తెలిసిన యాత్రికుడు ఏమి చేయవలెను? గొప్ప పనులేమియు అక్కరలేదు. ఘాట్ రోడ్డుమీద ఎక్కు బండికి దిగు బండి దారి ఇవ్వవలెననునది నియమము. దానిని పాటింపవలెను. ఫోటోల కొరకు మలుపులో కారు నిలుపరాదు. ఆ మలుపునకు వెనుక ఒక ఆంబులెన్సు ఉండవచ్చును. పొగమంచులోను, రాత్రివేళను, వానలలోను సొంత కారును కొండమీదికి తోలుకొనిపోవుటకంటె, దారి తెలిసినవాని చేతికి అప్పగించుట క్షేమము. లోయలో తిరుగుటకు అక్కడి ఆటోను, అక్కడి జీపును మాట్లాడుకొనిన ఆ డబ్బు అక్కడనే ఉండును. అద్దె ముందుగా తేల్చుకొనుడు. తేల్చుకొనిన తరువాత బేరమాడకుడు.

వీలైనచో ఒక సంతనాడు పోవుడు. వారమునకొకమారు ఒక్కొక్క ఊర సంత జరుగును. పసుపు, పిప్పళ్ళు, రాజ్మా చిక్కుడు గింజలు, మిరియాలు తలమీద పెట్టుకొని కొండదిగి వచ్చినవారు నేలమీద గుడ్డ పరచుకొని కూర్చుందురు. రెండు రూపాయలు తగ్గించుమని అడుగుటకు ముందు, ఆమె ఎంత దూరము నడచి వచ్చినదో అడుగుడు. ఆ ప్రశ్నకు వచ్చు సమాధానము విన్న తరువాత బేరము దానంతటది ఆగిపోవును.

రైలుదారిని ఇనుప రాయి కొరకు వేసిరి. ఘాట్ రోడ్డును దొరతనము తన అవసరము కొరకు వేయించినది. కాలిబాటను మాత్రము ఎవరును వేయలేదు, తరతరముల పాదములు దానిని అరుగదీసినవి. మనము మొదటి రెండు దారులలో పోయి వచ్చెదము. మూడవదానిమీద నడచువారు ఎదురైనప్పుడు ఒక్క అడుగు ప్రక్కకు తొలగి నిలుచుట మన వంతు.

మీ ప్రయాణము సుఖముగా జరుగుగాక! సెలవు.