దుమ్ము దారులలో మోటారు బండి

పంచాయతీ సభ్యులారా!

జోగులాంబ గద్వాల జిల్లా గట్టు మండలమున పత్తిచేలకు పోవు బండిబాటలపై, ఎండకాలములో ఒక మోపెడు ముందు పోయినచో వెనుక వచ్చువానికి దారి కానరాదు. ఆ దుమ్మునే ఇంజను కూడ పీల్చును. లీటరు పెట్రోలు మండుటకు దాదాపు 9000 లీటర్ల గాలి కావలెను. ఆ గాలిని వడపోయునది ఎయిర్ ఫిల్టరు. అది పూడినచో బండి బలము తగ్గి, పెట్రోలు ఎక్కువ త్రాగును. చినిగినచో నష్టమింకను పెద్దది. ఇసుక రేణువులు లోనికి పోయి పిస్టను రింగులను, సిలిండరును ఆకురాయివలె అరగదీయును. ఫిల్టరు తీసివేసినచో బండి జోరుగా పోవునని చెప్పువారు కలరు. వారి మాట నమ్మకుడు.

స్పాంజి ఫిల్టరును సబ్బునీట పిసికి, మెలిపెట్టక నీరు పిండి, నీడన ఆరనిచ్చి, కొద్దిగా ఇంజను నూనె పట్టించి, మిగులు నూనెను పిండివేయవలెను. పెట్రోలుతో కడుగరాదు, నిప్పంటుకొను భయము కలదు. పొడి కాగితపు ఫిల్టరును తడుపక, మెల్లగా తట్టి దుమ్ము రాల్చవలెను. నూనె పట్టించిన కాగితపుదైనచో కడుగుట గాని గాలితో ఊదుట గాని పనికిరాదు, మార్చివేయవలసినదే. మన బండిది ఏ రకమో దానితో వచ్చిన పుస్తకములో ఉండును. అందు చెప్పిన గడువు మంచి రోడ్లకు. మన బాటలలో అంతకు ముందే చూడవలెను. ఫిల్టరు అంచు సందులేకుండ కూర్చున్న పిదపనే మూత బిగింపుడు.

మరి పంచాయతీ ట్రాక్టరు మాటేమి? 2019లో మొదలైన పల్లె ప్రగతి నాటినుండి చెత్త మోయుటకు, మొక్కలకు నీరు పోయుటకు అదియే ఆధారము. దాని ఫిల్టరును కడపట ఎవరు, ఎన్నడు తెరచి చూచిరి? వచ్చు సమావేశమున డ్రైవరును పిలిచి అడుగుడు. ఆ తేదీని పుస్తకములో వ్రాయింపుడు.