సామాను దగ్గర ఉన్నవాని భాగము

(రేడియో ప్రసంగము. వాక్యభాగము: ఎజ్రా 8:21–34)

 

2004వ సంవత్సరములో నేను సెమినరీ ముగించి కడప జిల్లాలో సేవ మొదలుపెట్టిన కొత్త. ఒక ఆదివారము ఆరాధన తరువాత ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, మావాడు కువైట్‌లో లారీ డ్రైవరు. బార్డరు దాటి ఇరాక్‌లోకి సామాను తోలితే జీతం ఎక్కువిస్తారంట. పొమ్మందునా, వద్దందునా?" అని అడిగింది.

ఆ దారి ఎలాంటిదో మీరు తెలుసుకోవాలి. 2003లో ఇరాక్ యుద్ధము మొదలైన తరువాత అమెరికా సైన్యానికి కావలసిన ఆహారము, నీళ్లు, ఇంధనము, విడిభాగాలు ఎక్కువగా కువైట్ మీదుగానే వెళ్లేవి. ఓడలలో వచ్చిన సామాను లారీలకెక్కించి, సరిహద్దు దగ్గర లారీలను వరుసగా నిలిపేవారు. వాటి మధ్య మధ్య తుపాకులు అమర్చిన సైనిక వాహనాలను ఉంచి, కాన్వాయ్‌గా దాటించేవారు. అవతల సఫ్వాన్ అనే ఊరు. అక్కడినుండి బాగ్దాద్ వైపు వందల కిలోమీటర్ల రోడ్డు. దారిలో ఎక్కడ బాంబు పాతిపెట్టారో ఎవరికీ తెలియదు. ఆ లారీలు తోలినవారిలో భారతీయులు, పాకిస్తానీలు, నేపాలీలు, ఫిలిప్పీన్స్ వారు ఎందరో ఉన్నారు.

ఆ సంవత్సరము ఏప్రిల్ 9, గుడ్ ఫ్రైడే. మనము మందిరాలలో సిలువ మాటలు ధ్యానిస్తున్న ఆ రోజే బాగ్దాద్ దగ్గర ఇంధన ట్యాంకర్ల కాన్వాయ్‌ మీద దాడి జరిగింది. సైనికులతో పాటు డ్రైవర్లు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇదంతా పత్రికలలో చదివే ఉన్నాను. అయినా ఆ తల్లికి నేనిచ్చిన జవాబు ఏమిటో తెలుసా? ఎజ్రా గ్రంథము తెరిచాను. "అమ్మా, ఎజ్రా రాజును సైనికులను అడగలేదు. విశ్వాసముతో బయలుదేరాడు. దేవుడు కాపాడాడు. నీవు కూడా విశ్వాసముతో పంపించు" అన్నాను.

ఆమె కొంచెంసేపు ఊరుకుంది. తరువాత, "ఎజ్రా తానే పోయినాడు గదా అయ్యగారూ. ఇక్కడ పోయేది నా కొడుకు" అంది.

సహోదరీ సహోదరులారా, సెమినరీలో నేను చదివిన వ్యాఖ్యానాలలో ఆ మాట నాకు కనబడలేదు. ఇంటికి వెళ్లి ఆ అధ్యాయము మళ్లీ చదివాను.

ఎజ్రా బయలుదేరిన బబులోను దేశము నేటి ఇరాక్‌లోనే ఉన్నది. అహవా నది దగ్గర ఆయన తన బిడారును సమకూర్చాడు. దారి నాలుగు నెలలు. పొంచి ఉండే శత్రువులున్నారు. చేతిలో 650 తలాంతుల వెండి, 100 తలాంతుల బంగారము. తలాంతు సుమారు 30 కిలోలు అనుకుంటే వెండి ఒక్కటే దాదాపు 20 టన్నులు. రెండు లారీల లోడు! అయినా తన దేవుని హస్తమును గూర్చి రాజు ఎదుట సాక్ష్యము చెప్పి ఉన్నాడు గనుక, సైనికులను అడగడానికి ఎజ్రా సిగ్గుపడ్డాడు.

అయితే ఆయన మరి ఏమి చేశాడు? మొదటిది, ఉపవాసము ప్రకటించి తన ప్రజలతో కూడ తానూ దేవుని ఎదుట తగ్గించుకున్నాడు. రెండవది, యాజకులలో 12 మందిని ఏర్పరచి, వెండి బంగారములు తూచి అప్పగించాడు. యెరూషలేములో మళ్లీ తూచి, లెక్క వ్రాయించాడు. మూడవది, తానే ఆ బిడారుతో నడిచాడు. కావలి వద్దనుకున్నవాడు ఆ అపాయములో తన దేహమును కూడా పెట్టాడు. ఇంట్లో కూర్చుని ఇతరులను కావలి లేకుండా పంపలేదు.

13 సంవత్సరాల తరువాత నెహెమ్యా అదే రాజు దగ్గరనుండి యెరూషలేముకు వచ్చాడు. రాజు సేనాధిపతులను, గుఱ్ఱపు రౌతులను పంపితే వద్దనలేదు. నెహెమ్యాకు విశ్వాసము తక్కువా? కానే కాదు. ఒకనికి కావలి లేకుండా వెళ్లే విశ్వాసము, మరియొకనికి కావలిని దేవుని చేతినుండి అందుకునే విశ్వాసము. రెండూ దేవుని హస్తమే. కాని ఇతరుల ప్రాణము మీద చూపించే విశ్వాసము బైబిలులో లేదు.

2004 డిసెంబరు 8న కువైట్ ఎడారిలోని ఒక శిబిరములో ఒక సైనికుడు అమెరికా రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్‌ను అందరి ఎదుట నిలదీశాడు. మా వాహనాలకు కవచము కోసం చెత్తకుప్పలలో ఇనుప రేకులు ఎందుకు వెదుక్కోవలసి వస్తున్నది అని అడిగాడు. అంత గొప్ప సైన్యములోని సైనికుని స్థితే అది. పేద దేశాలనుండి వచ్చిన డ్రైవర్ల లారీలు అనేకము ఆ రేకు ముక్క కూడా లేకుండానే నడిచాయి.

ఇక్కడ దావీదును జ్ఞాపకము చేసుకోండి. మొదటి సమూయేలు 30వ అధ్యాయములో, అలసిపోయి బెసోరు వాగు దగ్గర సామానుతో ఆగిపోయినవారు 200 మంది. యుద్ధము చేసిన 400 మందిలో కొందరు వీరికి భాగము లేదన్నారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి పోయినవానికీ సామాను దగ్గర ఉన్నవానికీ సమాన భాగమని కట్టడ చేశాడు. దేవుని లెక్కలో సామాను మోసేవాడు అదనపు మనిషి కాడు.

ఆ తల్లి కొడుకును వద్దంది. అదే సంవత్సరము జూలైలో కువైట్ సంస్థకు పనిచేస్తున్న ఏడుగురు లారీ డ్రైవర్లను ఇరాక్‌లో బంధించారు. అందులో ముగ్గురు మన దేశస్థులు. సెప్టెంబరు 1న వారు విడుదలయ్యేవరకు దేశమంతా కలవరపడింది. ఆ ఏడే మన ప్రభుత్వము పని కోసం ఇరాక్ వెళ్లడాన్ని నిషేధించింది. ఆ వార్త విన్నప్పుడల్లా నేను మోకాళ్లూనాను. నా సలహా విని ఉంటే?

2011 డిసెంబరు 18న అమెరికా సైన్యపు చివరి కాన్వాయ్ ఆ సరిహద్దు దాటి కువైట్‌లోకి వచ్చింది. ఆ రోజులు గడిచిపోయాయి. అయినా మన సంఘాలలో ఆ ప్రశ్న గడిచిపోలేదు. నేను నా తోటి సేవకులకు మొదట చెబుతున్నాను: కొండ గ్రామానికి యౌవనస్థుడైన సువార్తికుని రాత్రివేళ పాత బండి మీద పంపి, "దేవుడు చూసుకుంటాడు" అంటున్నామా? ఆ బండికి బ్రేకులు ఉన్నాయో చూశామా? తల్లిదండ్రులారా, బిడ్డను ఏజెంటు చేతిలో పెట్టేముందు ఏ వీసా, ఏ పని, ఏ జీతము అని ఒప్పంద పత్రము చదివించారా? అడగడము అవిశ్వాసము కాదు. తూచి అప్పగించి, తూచి తీసుకున్న ఎజ్రా అవిశ్వాసి కాడు గదా!

మన ప్రభువు మనలను పంపి తాను పరలోకములో ఉండిపోలేదు. తానే మన దారిలోకి దిగి వచ్చాడు. గొఱ్ఱెలకంటె ముందు నడిచాడు. అందుకే ఆయనను నమ్మగలుగుతున్నాము.

ప్రార్థన చేసుకుందాము. ప్రేమగల తండ్రీ, దూరదేశాలలో బండ్లు తోలుతున్న మా బిడ్డలను జ్ఞాపకము చేసుకొనుము. ఇతరుల ప్రాణము మీద మేము తేలికగా పలికిన విశ్వాసపు మాటలను క్షమించుము. పంపే ముందు అడిగే జ్ఞానమును, పంపినవారితో నడిచే ప్రేమను మాకు దయచేయుము. యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.