భీష్ముడు కోరిన తలగడ
(నెలవారీ ధార్మిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి ప్రసంగాంశం మీలో కొందరికి విచిత్రంగా తోచవచ్చు. ఇంటిలో పెద్దవారు అవసానదశలో ఉన్నప్పుడు, వారి జీవితాన్ని స్మరిస్తూ పిల్లలు సిద్ధం చేసే వీడియోకు ఏ సంగీతాన్ని జోడించాలి అన్నదే ఆ అంశం. ఇది ఆలయ వేదిక మీద ముచ్చటించదగినదేనా అని సందేహించవద్దు. మన కృష్ణా డెల్టాలో బిడ్డలను విదేశాలకు పంపిన ఇండ్లు ఎన్నో ఉన్నాయి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మనుమలు వెంటనే రాలేక, తాతయ్య ఛాయాచిత్రాలను ఒకచోట కూర్చి, పాట జోడించి, సెల్‌ఫోనుకు పంపుతున్నారు. ఆ పాట దగ్గరే వివాదం మొదలవుతున్నది. కుమారుడు ఘంటసాల వారి భగవద్గీత పెట్టమంటాడు. కోడలు, “అది వింటే మామయ్యగారు బెంగపడిపోతారండీ” అంటుంది. మనుమరాలు ఏదో సినిమాలోని విషాదగీతాన్ని ఎన్నుకుంటుంది. పెద్దాయన పక్క గదిలో మేలుకొనే ఉంటారు. ఆయనను మాత్రం ఎవరూ అడగరు.

ఈ సందర్భంలో మహాభారతంలోని భీష్మపర్వం మనకు దారి చూపుతుంది. శరతల్పం మీద ఒరిగిన పితామహుని శిరస్సు ఆధారం లేక వ్రేలాడుతున్నది. తలగడ కావాలని ఆయన అడిగాడు. రాజులు పరుగున వెళ్ళి మెత్తని తలగడలు తెచ్చారు. వారి ప్రేమలో లోపం లేదు. అయినా ఆయన వాటిని అంగీకరించక, అర్జునుని వైపు చూచాడు. తాత మనసెరిగిన అర్జునుడు మూడు బాణాలు సంధించి ఆ శిరస్సుకు ఆధారం కల్పించాడు. వీరశయ్యకు తగిన తలగడ అదేనని భీష్ముడు సంతోషించాడు. మనకు మెత్తగా తోచినది ఆయనకు మెత్తన కాలేదు. పాట విషయం కూడా ఇంతే. మన దుఃఖానికి ఓదార్పునిచ్చే పాట వేరు, వెళ్ళిపోతున్నవారికి ఊతమిచ్చే పాట వేరు. చాలా ఇండ్లలో మొదటిదాన్నే ఎన్నుకొని, రెండవదాన్ని ఎన్నుకున్నామని భావిస్తున్నాము.

కనుక మొదటి కర్తవ్యం అడగటం. “తాతయ్యా, నీకు వినాలని ఉన్న పాట ఏది?” అనే చిన్న ప్రశ్న చాలు. ఆ ప్రశ్న వేస్తే మరణం గుర్తుకు వస్తుందేమో అని మనం భయపడతాము. తన శరీరస్థితి ఏమిటో రోగికి మనకంటె ముందుగానే తెలిసిన సందర్భాలు ఎక్కువ. శాపవృత్తాంతాన్ని పరీక్షిత్తు దగ్గర ఎవరూ దాచలేదు. ఏడు దినాలే మిగిలాయని తెలిసినందువల్లనే ఆయన గంగాతీరాన కూర్చొని, మరణం సమీపించినవాడు ఏమి చేయాలి అని శుకమహర్షిని స్వయంగా అడగగలిగాడు. భాగవతం మనకు దక్కినది ఆ ప్రశ్న వల్లనే. రోగికి అన్నీ ఒక్కమారుగా చెప్పివేయమని నా అభిప్రాయం కాదు. ఆయన ఎంత తెలుసుకోదలచారో అంతే చెప్పవచ్చు. కాని పాట ఎన్నుకునే అవకాశాన్ని ఆయన చేతిలోనుంచి తీసివేయరాదు.

ఇక భగవద్గీత సంగతి. గుడివాడకు సమీపాన చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావు గారు మన ప్రాంతపు బిడ్డ. తమ జీవితపు చివరి దశలో, అనారోగ్యం బాధిస్తున్న రోజులలో ఆయన గీతాశ్లోకాలను తెలుగు తాత్పర్యంతో సహా గానం చేశారు. 1974 ఫిబ్రవరి 11న పరమపదించారు. ఆ గానం ఇంటింటికీ చేరింది. అయితే కాలక్రమాన మరణం సంభవించిన ఇంటి ముందు, అంతిమయాత్ర వాహనం మీద ఆ గానాన్ని వినిపించటం మన పట్టణాలలో ఆచారమైపోయింది. అందువల్ల వీధిలో ఆ కంఠం వినబడగానే “ఎవరు పోయారు?” అని అడిగే పరిస్థితి ఏర్పడింది.

గీత పుట్టినది శ్మశానంలో కాదు. చేయవలసిన పని ముందు నిలువలేక కూలబడిన అర్జునుని లేపి నిలబెట్టడానికి భగవానుడు దానిని ఉపదేశించాడు. అది బ్రతుకువారి కోసం చెప్పిన శాస్త్రం. ఈ మాట నిజమే అయినా, ఆచారం కలిగించిన భయం కూడా నిజమే. కాబట్టి నా సూచన ఇది. పెద్దవారు నిత్యం గీత వినే అలవాటు ఉన్నవారైతే నిస్సంకోచంగా దానినే ఉంచండి, అది వారికి పాత స్నేహితుని పలకరింపు. ఆ అలవాటు లేనివారైతే, కేవలం మంచం పట్టినారన్న కారణంతో హఠాత్తుగా వినిపించవద్దు. అది వారి చెవికి ఉపదేశంగా కాక తీర్పుగా వినబడుతుంది. గీతను ఇంటిలో ఆరోగ్యంగా ఉన్న రోజులలోనే వినటం అలవాటు చేసుకుంటే ఈ చిక్కే ఉండదు.

అడిగినా సమాధానం చెప్పలేని స్థితిలో పెద్దలు ఉంటే ఏమి చేయాలి? అప్పుడు వారి జీవితాన్ని అడగాలి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు వంటి విద్వాంసులు అక్కడ పనిచేశారు. ఉదయవేళ ఆ కేంద్రం నుంచి వచ్చే భక్తిరంజని వింటూ కళ్ళాపి చల్లిన ఇల్లాళ్ళు, పొలానికి బయలుదేరిన రైతులు నేడు వృద్ధులై ఉన్నారు. వారికి రామదాసు కీర్తన ఒక్కటి వినిపిస్తే ఆనాటి తెల్లవారుజాము తిరిగి వస్తుంది. శ్రీరామనవమి పందిట్లో హరికథ విన్నవారు కొందరు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటక పద్యాలను కళ్ళంలో రాగం తీసి పాడుకున్నవారు మరికొందరు. కూచిపూడి భాగవతుల భామాకలాపం చూచి తెల్లవారుజామున ఇల్లు చేరినవారు ఇంకొందరు. అమ్మమ్మలైతే తులసికోట దగ్గర మంగళహారతిని, మనుమలను ఊపిన లాలిపాటను మనసులో దాచుకొని ఉంటారు. వారి తోడబుట్టినవారిని, పాత మిత్రులను, పొలంలో కలిసి నాట్లు వేసినవారిని అడిగితే ఆ పాట ఏదో తెలుస్తుంది.

ఆ పాట భక్తిగీతం కాక సినిమా పాటే అయితే? దానినే పెట్టండి. మన మొవ్వకు చెందిన క్షేత్రయ్య శృంగార పదాలలోనే మువ్వగోపాలుని దర్శించాడు. దాంపత్యపు తొలినాళ్ళలో ఇద్దరూ కలిసి విన్న పాట ఆ వృద్ధునికి దైవప్రసాదం వంటిదే. దానిని తీసివేసి బలవంతంగా స్తోత్రం పెట్టటం వల్ల భక్తి పెరగదు.

స్పృహ లేనట్లు కనిపించేవారికి వినిపించి ప్రయోజనమేమి అని కొందరు అడుగుతారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మరణానికి సమీపంగా ఉండి బయటికి ఏ స్పందనా చూపని కొందరు రోగుల మెదడు కూడా శబ్దాలకు స్పందిస్తున్నట్లు గమనించారు. వారు అర్థం చేసుకుంటున్నారా లేదా అన్నది ఆ పరీక్ష తేల్చలేదు. అయినా మంచం పక్కన మాట్లాడే మాటలలోను, వినిపించే పాటలోను జాగ్రత్త వహించటానికి ఈ మాత్రం చాలు. చెవిలో నారాయణ నామం చెప్పే మన పెద్దల ఆచారం వెనుక ఉన్న విశ్వాసమూ ఇదే.

వీడియో కూర్చేవారికి కొన్ని ఆచరణయోగ్యమైన మాటలు చెబుతాను. అయిదు నిమిషాలకు మించనీయకండి. ఒక్కొక్క ఛాయాచిత్రం అయిదు సెకండ్లు నిలిస్తే అరవై చిత్రాలు సరిపోతాయి. వృద్ధుల కంటికి ఇంకా నెమ్మదిగా కావాలంటే నలభైకి తగ్గించండి. ఎవరైనా మాట్లాడుతున్నప్పుడు దాని క్రింద సాహిత్యమున్న పాట ఉంచితే రెండూ వినబడవు. అక్కడ వీణనో వేణువునో సన్నగా వినిపించండి. వినికిడి యంత్రం ఉన్నవారికి ముందుగా అది అమర్చండి. వారు తేటగా ఉండే వేళ చూచి చూపండి. అలసట కనబడితే మధ్యలోనే ఆపివేయండి. ముఖ్యంగా, బ్రతికి ఉన్నవారి చిత్రానికి పూలదండ గుర్తు వేయకండి, “శ్రద్ధాంజలి” అన్న మాట వ్రాయకండి. కంప్యూటరులో సిద్ధంగా దొరికే నమూనాలలో అవి తరచుగా ఉంటాయి. చూడకుండా వాడితే మనసు గాయపడుతుంది. మంచంలో ఉన్న రూపాన్ని చిత్రించటానికి వారు ఇష్టపడకపోతే ఆ కోరికను మన్నించండి.

మరొక విషయం. సంస్థలు విడుదల చేసిన గానాలకు హక్కుదారులు ఉంటారు. ఇంటిలో మనవారి మధ్య చూసుకునేదానికి, యూట్యూబులో అందరికీ పెట్టేదానికి భేదం ఉన్నది. అక్కడ పాటను గుర్తించి శబ్దాన్ని తొలగించవచ్చు. దీనికి సులభమైన ఉపాయం, ఇంటివారే పాడటం. మనుమరాలి శ్రుతి తప్పినా ఫరవాలేదు. అజామిళుడు అంత్యకాలంలో పిలిచినది వైకుంఠనాథుని కాదు, నారాయణుడన్న పేరున్న తన చిన్న కుమారుని. బిడ్డ మీది మమకారమే ఆయనకు ద్వారమైంది. ప్రేమతో పలికిన స్వరాన్ని భగవంతుడు పరీక్షకునివలె తూచడు.

చివరిగా ఒక్క మనవి. శరతల్పగతుడైన భీష్ముడు కేవలం వినలేదు, చెప్పాడు. ధర్మరాజు అడిగాడు కనుక చెప్పాడు. విష్ణుసహస్రనామం ఆ విధంగా లోకానికి లభించింది. మీరు తాతయ్యకు పాట వినిపించే ముందు, ఓపిక ఉంటే ఆయన చేత నాలుగు మాటలు చెప్పించి, ఆ కంఠాన్ని భద్రపరచండి. ఎంత గొప్ప గాయకుని గానమైనా రేపు మళ్ళీ దొరుకుతుంది. ఆ కంఠం దొరకదు. వీడియోలో అన్నిటికంటె మొదట ఉంచవలసిన సంగీతం అదే. ఈ పని వాయిదా వేయకండి. నేడు ఇంటికి చేరగానే ఆ మంచం పక్కన కూర్చోండి, అడగండి, వారు ఆలోచించుకునేవరకు మౌనంగా వేచి ఉండండి.

స్వస్తి.