పాత మారుతీ 800: కార్బేటర్ ఓవర్‌ఫ్లో అయి పెట్రోలు కారుతుంటే ముందు ఏం చూడాలి?

ఈసారి బైకు కాదు, కారు. అది కూడా మీలో చాలామంది కంటే వయసులో పెద్ద కారు. మారుతీ 800, కార్బేటర్ మోడల్. 1983 డిసెంబర్‌లో మొదలైన బండి ఇది. 2000 ప్రాంతంలో ఎం.పి.ఎఫ్.ఐ. వచ్చాక కార్బేటర్ మోడల్ పక్కకి పోయింది. అంటే ఇప్పుడు మీ చేతికి వచ్చే ఏ కార్బేటర్ 800 అయినా దాదాపు పాతికేళ్ల బండే.

మన పెద్దారవీడు, మార్కాపురం, గిద్దలూరు వైపు ఇలాంటి బండి తాతదో మేనమామదో రేకుల షెడ్డులో కవర్ కప్పి ఉంటుంది. శివరాత్రికో పెళ్లికో బయటికి తీస్తారు. తీయగానే గుప్పున పెట్రోలు వాసన. "పాత బండి కదరా, అద్దాలు దించుకో" అని పిల్లల్ని ఎక్కించుకుని దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేస్తారు. ఈ ఎపిసోడ్ చేస్తున్నదే ఆ మాట కోసం. వాసన అంటే పెట్రోలు ఎక్కడో బయటికి వస్తోందని. పక్కనే కాగిన సైలెన్సర్ పైపు, నిప్పు రవ్వలు పుట్టే డిస్ట్రిబ్యూటర్ ఉన్నాయి. అద్దం దించితే వాసన తగ్గుతుంది గానీ పెట్రోలు కారడం తగ్గదు.

సరే, రెండో మాట. ఇలా కారితే ఎవరైనా ముందు అనేది "కార్బేటర్ పోయింది, కొత్తది వేయాల" అని. నా అనుభవంలో పోయేది కార్బేటర్ కాదు. దాని లోపల అగ్గిపుల్ల ముక్కంత నీడిల్ ఒకటి ఉంటుంది, తేడా అక్కడ ఉంటుంది. లేదా కార్బేటర్ బయట ఎక్కడో ఉంటుంది. అది తేల్చుకోకుండా డబ్బులు పెడితే కొత్త కార్బేటర్ కూడా వారంలో కారుతుంది.

ఎండాకాలం మన ఇళ్లలో కూలర్ ఉంటుంది కదా, పైపు పెట్టి వదిలేస్తే నీళ్లు నిండగానే బంతి పైకి తేలి వాల్వు మూసేస్తుంది. కార్బేటర్ గిన్నెలో జరిగేది అచ్చం అదే. బంతి స్థానంలో ఫ్లోట్, వాల్వు స్థానంలో నీడిల్. బంతికి చిల్లు పడినా, వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కున్నా కూలర్ పొంగి ఇల్లంతా నీళ్లు. ఇక్కడ పొంగేది పెట్రోలు.

బైకు నడిపేవాళ్లకి ఇది తెలిసిన సంగతే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చేదాకా మన బైకులు చాలావరకు కార్బేటర్‌వే. కానీ కారులో రెండు తేడాలు ఉన్నాయి. బైకులో పెట్రోలు ట్యాంకు నుంచి దానంతటదే కిందికి దిగుతుంది కాబట్టి నాబ్ తిప్పడం మర్చిపోతే రాత్రంతా కారుతుంది. కారులో ట్యాంకు వెనకాల కింద ఉంటుంది. పంపు లాగి ఇస్తుంది. ఇంజిన్ ఆపితే పంపూ ఆగుతుంది. కాబట్టి పొద్దున్నే బండి కింద నేల ఆరిపోయి ఉందని "లీకు లేదు" అనుకోవద్దు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు చూడాలి. రెండో తేడా ఇంకా ముఖ్యం. బైకులో పొంగిన పెట్రోలు ఓవర్‌ఫ్లో పైపులోంచి నేల మీద పడుతుంది, కంటికి కనిపిస్తుంది. కారులో ఎక్కువ భాగం కార్బేటర్ గొంతులోంచి ఇంజిన్‌లోకే దిగిపోతుంది. సిలిండర్‌లోకి, అక్కడి నుంచి పిస్టన్ పక్కగా ఇంజిన్ ఆయిల్‌లోకి.

అందుకని పానా పట్టకముందు ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన కొడుతోందా, ఆయిల్ మట్టం ఉండాల్సిన దానికంటే పైకి వచ్చిందా, వేళ్ల మధ్య నీళ్లలా జారుతోందా? అయితే బండి స్టార్ట్ చేయొద్దు. పలచబడ్డ ఆయిల్‌తో నడిపితే బేరింగులు అరిగిపోతాయి. ఇంకో కిటుకు: పెట్రోలు పంపు లోపలి డయాఫ్రమ్ చిరిగినా పెట్రోలు నేరుగా ఆయిల్‌లోకే పోతుంది. అప్పుడు కార్బేటర్‌ని ఎంత శుభ్రం చేసినా లాభం లేదు. ప్లగ్గులు నల్లగా తడిసి ఉంటే తప్పు కార్బేటర్ వైపు. ప్లగ్గులు బాగున్నా ఆయిల్‌లో పెట్రోలు ఉంటే పంపుని అనుమానించండి.

ఇప్పుడు చోక్. డ్యాష్‌బోర్డు కింద లాగే నాబ్ ఉంటుంది కదా. నాబ్ లోపలికి నొక్కినా, కేబుల్ తుప్పు పట్టి పైన చోక్ రేకు సగం మూసుకునే ఉండిపోవచ్చు. అప్పుడూ నల్ల పొగ, వాసన, తడి ప్లగ్గులు. చూస్తే అచ్చం ఓవర్‌ఫ్లో లాగే ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి రేకు నిలువుగా నిలబడిందో లేదో చూడండి. రెండు నిమిషాల పని.

మూత తీసే ఉంది కాబట్టి ఇంకొకటి. బండి చదునుగా ఉన్నచోట, ఇంజిన్ స్లోలో నడుస్తుండగా, ఫోన్ టార్చ్ వేసి కార్బేటర్ గొంతులోకి కొంచెం దూరం నుంచి, పక్క నుంచి చూడండి. మధ్యలో ఉన్న నాజిల్ నుంచి స్లోలో చుక్క పడకూడదు. పడుతోందంటే గిన్నె పొంగుతోంది. ఈ కార్బేటర్ గిన్నెకి పక్కన చిన్న గుండ్రటి అద్దం కూడా ఉంటుంది. పెట్రోలు మట్టం ఆ అద్దం మధ్యలో ఉన్న గుర్తు దగ్గర నిలబడాలి. అద్దం మొత్తం నిండిపోయిందంటే ఇక అనుమానం లేదు. అద్దం మీద ఏళ్ల మురికి పట్టి ఉంటుంది, గుడ్డతో తుడిచి చూడండి.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటి ఉంది. మే నెల మధ్యాహ్నం బండిని ఎండలో ఆపి, టీ తాగి వచ్చేసరికి స్టార్ట్ కాదు, పెట్రోలు వాసన. ఇది నీడిల్ తప్పు కాకపోవచ్చు. ఇంజిన్ ఆగాక ఫ్యాన్ గాలి ఉండదు, కింద వేడంతా పైకి వస్తుంది, గిన్నెలో పెట్రోలు మరిగి గొంతులోకి పొంగుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బండి బాగా నడిచి, వేడెక్కి ఆపాక మాత్రమే గొడవ చేస్తే కార్బేటర్ కింద చూడండి. అక్కడ వేడి ఎక్కకుండా మందపాటి ఇన్సులేటర్ ముక్క ఒకటి ఉంటుంది. ఎవరో ఎప్పుడో విప్పి, అది పగిలిపోయిందని ఉత్త పేపర్ గ్యాస్కెట్ వేసి బిగించి ఉంటారు. అలాంటి బండికి కొత్త కార్బేటర్ వేసినా ఎండాకాలం కథ మామూలే.

ఇలా పొంగిన బండిని స్టార్ట్ చేయాలంటే యాక్సిలరేటర్‌ని పంపు కొట్టినట్టు కొట్టకండి. కొట్టిన ప్రతిసారీ ఇంకొంచెం పెట్రోలు పడుతుంది. పూర్తిగా కిందికి తొక్కి, అలాగే పట్టుకుని, అయిదారు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. గాలి ఎక్కువ పోయి లోపల ఆరుతుంది. సెల్ఫ్ "టక్" మని ఆగిపోయి ఇంజిన్ తిరగకపోతే మాత్రం ఆపేయండి. నలుగురిని పిలిచి తోయించొద్దు. సిలిండర్‌లో పెట్రోలు నిండి ఉంటే అది నలగదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ప్లగ్గులు విప్పి పెట్రోలు బయటికి పోనివ్వాలి. అప్పుడు సెల్ఫ్ కొట్టాల్సి వస్తే ముందు ఇగ్నిషన్ కాయిల్ వైరు పీకేయండి. ప్లగ్గు రంధ్రాల్లోంచి పెట్రోలు పిచికారీలా వస్తుంది. అక్కడ ఒక్క రవ్వ చాలు.

ఇక విప్పడం. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, బ్యాటరీ మైనస్ తీసేసి, ఆరుబయట చేయండి. పక్కన బకెట్ ఇసుక పెట్టుకోండి. పెట్రోలు మంటకి నీళ్లు పోస్తే మంట నీటి మీద తేలి ఇంకా పాకుతుంది. బీడీ, సిగరెట్ సంగతి నేను చెప్పక్కర్లేదు.

పై మూత విప్పితే ఫ్లోట్ కనిపిస్తుంది. చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల గళగళ మంటే పెట్రోలు చేరింది. నమ్మకం కలగకపోతే పొయ్యికి దూరంగా, గిన్నెలో వేడినీళ్లు తెచ్చుకుని ముంచండి. చిల్లు ఉన్నచోట బుడగలు వస్తాయి. ఫ్లోట్ బాగుంటే నీడిల్ కొనను గోటితో తడమండి. చుట్టూ ఉంగరంలాంటి గీత తగిలితే అరిగిపోయినట్టే. నీడిల్ కూర్చునే సీటు కూడా కలిపే మార్చాలి, ఒక్క నీడిల్ మారిస్తే సరిగా కూర్చోదు. గీత లేకపోతే స్ప్రేతో కడిగి తిరిగి పెట్టి, మూతని తలకిందులుగా పట్టుకుని పెట్రోలు వచ్చే దారికి శుభ్రమైన గొట్టం పెట్టి మెల్లగా ఊదండి. గాలి పోకూడదు. ఇక్కడ కంప్రెసర్ గాలి కొట్టేవాళ్లు ఉన్నారు. ఆ దెబ్బకి బాగున్న నీడిల్ కూడా పాడవుతుంది. జెట్లలో తీగ పెట్టి పొడవడం కూడా వద్దు.

నీడిల్, ఫ్లోట్ రెండూ బాగుండి ఇంకా పొంగుతోందా? అప్పుడు తోసేవాడి వైపు చూడాలి. ఈ బండి పంపు చాలా నెమ్మదైనది, నాలుగైదు పీఎస్ఐ ఒత్తిడికి అటూ ఇటూ. ఆ నీడిల్ ఆపగలిగేది అంతే. పాత పంపు దొరకలేదని ఎవరైనా ఇంజెక్షన్ బండి కరెంటు పంపు తగిలించారా చూడండి. అది దానికి ఎన్నో రెట్లు ఎక్కువగా తోస్తుంది, ఏ నీడిలూ ఆగదు. ట్యాంకుకి వెనక్కి పోయే రిటర్న్ పైపు ఎక్కడైనా నలిగినా, మూసుకుపోయినా ఒత్తిడి అలాగే పెరుగుతుంది.

పైపులు ఎటూ మార్చండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ బండి తయారైనప్పుడు ఆ రబ్బరుని దాని కోసం చేయలేదు. పాత పైపు ఉబ్బి, పగిలి, లోపల పొడి రాలుతుంది. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది. ఏడాదిలో పదకొండు నెలలు షెడ్డులో నిలబడే బండి ట్యాంకులో తుప్పు అలాగే లేస్తుంది. ఆ తుప్పు, ఆ పొడి వచ్చి ఇరుక్కునేది నీడిల్ దగ్గరే. కడిగిన నీడిల్ నెల తిరక్కుండా మళ్లీ కారితే కార్బేటర్‌ని తిట్టకండి. ఫిల్టర్ కోసి లోపల చూడండి. ఎర్రటి పొడి ఉంటే ట్యాంకు దించి కడగాల్సిందే.

అన్నీ బిగించాక కొత్త ఆయిల్ పోసి, బ్యాటరీ తగిలించి, పది నిమిషాలు స్లోలో నడపండి. కార్బేటర్ చుట్టూ, పంపు దగ్గర, ప్రతి క్లిప్పు కిందా తెల్ల కాగితం ఆనించి చూడండి. తడి అంటితే ఇంజిన్ ఆపి, చల్లారాక ఆ ఒక్క చోటే మళ్లీ బిగించండి. అంటకపోతే ఊళ్లోనే ఒక రౌండ్ వేసి వచ్చి మళ్లీ చూడండి, ఘాట్ సంగతి ఆ తర్వాత. ట్యాంకు దించి కడగడం ఎలాగో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటాను.