అమ్మ కూడా మనతో కూర్చుని తినాలంటే రాత్రికి ఏం వండాలి?

ఈ రోజు ఎపిసోడ్‌లో రెండు వంటల గురించి చెప్తాను. ఒకటి దిబ్బరొట్టె, రెండోది ఓవెన్ లేకుండా చేసే రవ్వ కేక్. ఈ రెండే ఎందుకంటే, వీటికి ఒక మంచి గుణం ఉంది. పొయ్యి మీద పెట్టి మూత వేస్తే అవే ఉడుకుతాయి. వండే మనిషి పక్కన నిలబడక్కర్లేదు.

అదేమంత పెద్ద విషయం అనుకుంటున్నారా? మీ ఇంట్లో రాత్రి భోజనం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. దోసెలు అనుకుందాం. నాన్న తింటారు, మీరు తింటారు, తమ్ముడు తింటాడు. లోపలి నుంచి "ఇంకోటి వేయనా?" అని ఒక గొంతు వినిపిస్తూ ఉంటుంది. "నువ్వు కూడా రా అమ్మా" అంటే వచ్చే జవాబు మనందరికీ తెలుసు. "మీరు తినండి, నేను తర్వాత తింటాలే." ఆ తర్వాత ఎప్పుడంటే, మనం చేతులు కడుక్కుని ఫోన్ పట్టుకున్నాక. అప్పటికి చట్నీ గిన్నె అడుగంటి ఉంటుంది.

దీన్ని మనం కుటుంబమంతా కలిసి తినడం అంటున్నాం. నా లెక్కలో మాత్రం వండిన మనిషి కూడా కూర్చుంటేనే అది కలిసి తినడం.

ఇది ఒక్క మీ ఇంటి సంగతో, మా ఇంటి సంగతో కాదు. కేంద్ర ప్రభుత్వం 2019లో దేశమంతా ఒక సర్వే చేసింది, జనం రోజులో ఏ పనికి ఎంత టైమ్ పెడుతున్నారని. జీతం లేని ఇంటి పని చేసేవాళ్ళను మాత్రమే తీసుకుంటే, ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో మళ్ళీ లెక్కేస్తే ఆడవాళ్ళకి 289, మగవాళ్ళకి 88. అంటే ఐదేళ్ళలో అమ్మకి మిగిలింది 10 నిమిషాలు. నాన్నకి కూడా 9 నిమిషాలు మిగిలాయనుకోండి, అది వేరే సంగతి!

సరే, వంటలోకి వద్దాం. దోసె, పుల్కా, పూరీ, గారె, ఇవన్నీ ఒక్కొక్కటిగా వచ్చే వంటలు. వేడిగా తినాలి కాబట్టి ఒకరు పొయ్యి దగ్గర ఉండాల్సిందే. దిబ్బరొట్టె అలా కాదు. ఒకటే పెద్ద రొట్టె, నలుగురికీ ఒకేసారి వస్తుంది.

గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళకి దీని గురించి చెప్పక్కర్లేదు. మినపరొట్టె అని కూడా అంటారు. పాతకాలంలో కుంపటి మీద మందపాటి గిన్నె పెట్టి, పిండి పోసి, మూత మీద కూడా నిప్పులు వేసేవారు. కింద సెగ, పైన సెగ. ఆలోచించండి, ఓవెన్ చేసే పని కూడా ఇదే కదా! "బేకింగ్ మనది కాదు" అనేవాళ్ళకి ఈ మూత మీది నిప్పుల సంగతి చెప్పండి.

కొలతలు చెప్తాను. ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. పప్పు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్ళు తక్కువ పోసి మెత్తగా రుబ్బాలి. రవ్వ విడిగా నానబెట్టి, నీళ్ళు పిండేసి కలపాలి. ఉప్పు, జీలకర్ర వేయాలి. పిండి గట్టిగా ఉండాలి, గరిటెతో తీస్తే ముద్దలా జారాలి. బియ్యపు రవ్వకి గోధుమ పిండిలా సాగే గుణం లేదు. ఇక్కడ గాలిని పట్టి ఉంచేది మినప్పిండిలోని జిగురే. అందుకే పప్పు బాగా రుబ్బకపోతే రొట్టె గుల్లగా రాదు, పిడకలా వస్తుంది.

మందపాటి మూకుడులో నాలుగు చెంచాల నూనె వేసి, వేడెక్కాక పిండి రెండు వేళ్ళ మందంలో పోయండి. మూత పెట్టి బాగా సన్న సెగ మీద 20 నుంచి 25 నిమిషాలు వదిలేయండి. అంచులు ఎర్రబడి, పైన తడి ఆరాక తిరగేసి ఇంకో 8 నిమిషాలు. పైన కరకరలాడే చెక్కు, లోపల మెత్తగా. ఆవకాయతో తినేవాళ్ళు ఉన్నారు, అల్లప్పచ్చడితో తినేవాళ్ళు ఉన్నారు. చెరుకు పానకం దొరికితే మాత్రం ఇంక ఏమీ వద్దు.

ఇప్పుడు కేక్. దీనికి మైదా అక్కర్లేదు, గుడ్డు అక్కర్లేదు. ఒక కప్పు ఉప్మా రవ్వ, ముప్పావు కప్పు పంచదార, అర కప్పు పెరుగు, అర కప్పు పాలు, పావు కప్పు కరిగించిన నెయ్యి. కలిపి అరగంట పక్కన పెట్టండి, రవ్వ నానాలి. గట్టిపడితే ఇంకొంచెం పాలు పోయండి. పొయ్యి మీద పెట్టే ముందే ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్, పావు టీస్పూన్ వంట సోడా, యాలకుల పొడి కలపాలి. సోడా, పెరుగులోని పులుపు కలిస్తే గ్యాస్ పుడుతుంది, కేక్ పొంగేది దానివల్లే. ముందే కలిపి పెడితే ఆ గ్యాస్ కాస్తా పోతుంది. పొంగాలని సోడా ఎక్కువ వేస్తే సబ్బు రుచి వస్తుంది.

చాలా వీడియోల్లో ఖాళీ కుక్కర్ వేడి చేసి కేక్ పెట్టేస్తారు. నేను వద్దంటాను. కుక్కర్ నీళ్ళతో వాడటానికి చేసింది. దాని బదులు ఇంట్లో పాత మందపాటి మూకుడు ఉంటుంది కదా, అది తీసుకోండి. నాన్‌స్టిక్ మాత్రం వద్దు. లోపల ఒక స్టాండ్ పెట్టి, మూత వేసి, 10 నిమిషాలు వేడి చేయండి. నెయ్యి రాసిన గిన్నెలో పిండి పోసి లోపల పెట్టి, సన్న సెగ మీద 40 నిమిషాలు. మొదటి 25 నిమిషాలు మూత తీయొద్దు. తీస్తే వేడి పోయి కేక్ మధ్యలో కుంగిపోతుంది. చివర్లో టూత్‌పిక్ గుచ్చితే పిండి అంటకుండా రావాలి.

ఇప్పుడు అసలు కిటుకు. రొట్టె తిరగేసేటప్పుడు రెండో పొయ్యి మీద కేక్ పెట్టేయండి. ఫోన్‌లో 40 నిమిషాలకి టైమర్ పెట్టి, ఆ ఫోన్‌ని ఫ్రిజ్ మీద పెట్టండి. మిగతా ఫోన్లు కూడా దాని పక్కనే. 8 నిమిషాలకి రొట్టె దింపేశాక, టైమర్ మోగే దాకా వంటింట్లో ఎవరికీ పని లేదు, ఎవరూ లేవక్కర్లేదు. రొట్టె నాలుగు ముక్కలు కోసి నలుగురూ కూర్చోండి. భోజనం తొందరగా అయిపోయినా కేక్ కోసమైనా కూర్చుంటారు. ఈలోపు యాలకుల వాసన హాల్లోకి వస్తుంది చూడండి, ఇంక ఎవరినీ పిలవక్కర్లేదు.

మా ఇంట్లో మొదటిసారి ఇలా చేసినప్పుడు నాన్న "రాత్రిపూట అన్నం లేకుండా ఏంటిది?" అన్నారు. తర్వాత మాడిన అంచు ముక్క కోసం తమ్ముడితో పోటీ పడ్డారు. అమ్మ మాత్రం ఐదు నిమిషాలకోసారి లేవబోయేది. "ఏం కావాలమ్మా?" అంటే "ఏమో, అలవాటు" అంది. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

రోజూ ఇలా కుదరదు, నాకు తెలుసు. ఒకరికి నైట్ షిఫ్ట్, ఒకరు షాపు మూసి పదింటికి వస్తారు, ఇంకొకరు హాస్టల్లో. అందుకే వారానికి ఒక్క రాత్రి చాలంటున్నాను. రాత్రి కుదరకపోతే ఆదివారం మధ్యాహ్నం. పప్పు రుబ్బడం, గిన్నెలు కడగడం ఈసారి మీ వంతు. అది కూడా అమ్మకే వదిలేస్తే మనం చేసింది ఏమీ లేదు, ఇంకో వంట పెంచామంతే.

మరి దోసెలు మానేయాలా? అక్కర్లేదు. చివరి రెండు దోసెలు మీరు వేయండి. వంకరగా వచ్చినా పర్లేదు. వేడిగా అమ్మ పళ్ళెంలో వేసి, "ఇంకోటి వేయనా?" అని మీరు అడగండి.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. వచ్చే ఆదివారానికి మినప్పప్పు మధ్యాహ్నం రెండింటికే నానబెట్టడం మర్చిపోకండి. మళ్ళీ కలుద్దాం.