మెడ వెనక చీటీలో లేని పేరు

(నరసరావుపేటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి వచ్చే ముందు ఈ ఊళ్లోనే ఒక ఇంటి వసారాలో గంటసేపు కూర్చున్నాను. ముగ్గురు ఆడవాళ్లు అచ్చు వేసిన టీ షర్టులకు మెడ వెనక బ్రాండు లేబుల్ కుట్టి, ధర ట్యాగు తగిలించి, మడిచి కవర్లలో పెడుతున్నారు. “ఇవి ఏ కంపెనీవి అక్కా?” అని పెద్దావిడను అడిగాను. “ఏమో మేడమ్, మేస్త్రీ తెస్తాడు, ముక్కకింతని ఇస్తాడు” అంది. చొక్కాకు కంపెనీ పేరు పెట్టేది ఆమె. ఆ కంపెనీ కాగితాల్లో ఆమె పేరు లేదు.

లేబుల్ వెనక చట్టం ఉంది. 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనల ప్రకారం ప్యాకెట్లో అమ్మే సరుకు మీద తయారీదారు లేదా ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండాలి. విడిగా అమ్మే దుస్తులకు 2022లో సడలింపు ఇచ్చారు. తయారీదారుకు బదులు మార్కెట్ చేసేవారి పేరో, బ్రాండు యజమాని పేరో ఉన్నా చాలు. కొనేవారికి రక్షణ ఉండాలి, కాదనను. కానీ రంగు వెలిస్తే ఫోను చేయడానికి నంబరుంది. కూలి ఎగ్గొడితే ఎవరికి చేయాలి?

ఈ అదృశ్యం లేబుల్ దగ్గర మొదలైంది కాదు. పల్నాడు నల్లరేగడిలో పత్తి తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఒడి కట్టుకుని, ఎండుకాయల మొనలు వేళ్లను గీరుతుంటే కేజీల లెక్కన తీస్తారు. ఆ పత్తి జిన్నింగు మిల్లులకూ, చిలకలూరిపేట చుట్టుపక్కల నూలు మిల్లులకూ పోతుంది. టీ షర్టులకు పేరుపడ్డ తిరుప్పూరు ఉన్న తమిళనాడులో, మూడేళ్లు పనిచేస్తే పెళ్లికి ఏకమొత్తం ఇస్తామని ఆడపిల్లలను నూలు మిల్లుల హాస్టళ్లలో ఉంచారు. ఆ పథకం పేరు ‘సుమంగళి’. దోపిడీకి కూడా పసుపు కుంకుమలు అద్దారు.

అయితే లేబుల్ మనకు ఆయుధం కూడా కాగలదు. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. అక్కడ ఏ కంపెనీల బట్టలు కుట్టారో చెప్పడానికి శిథిలాల్లో దొరికిన లేబుళ్లు సాక్ష్యమయ్యాయి. అంతకు శతాబ్దం ముందే, 1899లో ఏర్పడిన అమెరికాలోని నేషనల్ కన్స్యూమర్స్ లీగ్, ఫ్లోరెన్స్ కెల్లీ నాయకత్వంలో, ఫ్యాక్టరీ చట్టాలు పాటించి, పిల్లలను పనిలో పెట్టకుండా కుట్టించిన ఆడవారి లోదుస్తులకు ‘తెల్ల లేబుల్’ ఇచ్చింది. ఆ ముద్ర వేసింది కొనేవారి సంఘం, కుట్టేవారి సంఘం కాదు. ఆ లోటు మనం పూడ్చాలి.

రెండు పనులు ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, ఇంట్లో కూర్చుని ఈ పని చేసే ప్రతి స్త్రీకీ ఒక నోటుపుస్తకం. తేదీ, ముక్కల లెక్క, రేటు, మేస్త్రీ పేరు, లేబుల్ మీది పేరు, నంబరు అందులో రాయాలి. చదువు రానివారికి మనం రాసిపెట్టాలి. కూలి తగాదా వచ్చి “ఈమె ఎవరో మాకు తెలియదు” అన్న రోజున అదే మొదటి ఆధారం. రెండోది మన గురించే. మార్చి 8కి నినాదాలు అచ్చు వేయించి మనం తొడుక్కునే టీ షర్టులు ఎవరు కుట్టారు? వారికెంత ముట్టింది? ఈసారి ఆర్డరు ఇచ్చేముందు అడుగుదాం.

వచ్చేస్తూ ఆ పెద్దావిడకు లేబుల్ చదివి వినిపించాను. “ఇందులో మన ఊరి పేరు లేదా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ ప్రశ్న మీకూ వినిపించాలనే ఇంతసేపు మాట్లాడాను.