మెడలో నాలుగు గింజలు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. షుగరు, బీపీల గురించి రోజూ వింటూనే ఉన్నారు. అందుకని పెద్దగా ఎవరూ మాట్లాడని పారాథైరాయిడ్ గురించి చెబుతాను.

మెడలో థైరాయిడ్ వెనుక బియ్యపు గింజంత గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయి. పేర్లు కలిశాయి గాని పనులు వేరు. రక్తంలో కాల్షియం తగ్గితే ఇవి హార్మోను వదిలి ఎముకల్లోంచి తెప్పిస్తాయి, మూత్రంలో పోకుండా ఆపిస్తాయి. లండన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన మన దేశపు ఖడ్గమృగాన్ని కోసి చూసినప్పుడు రిచర్డ్ ఓవెన్ వీటిని మొదట గుర్తించాడు. మనిషిలో ఇవి ఉన్నాయని 1880లో వివరించినవాడు ఇవార్ సాండ్‌స్ట్రోమ్ అనే స్వీడన్ వైద్య విద్యార్థి. 1925లో వియన్నాలో ఫెలిక్స్ మాండల్, ఎముకలు గుల్లబారిన ఒక ట్రామ్ కార్మికుడి మెడలోంచి ఈ గ్రంథి గడ్డను తీశాడు.

ఈ నాలుగింటిలో ఒకటి గడ్డకట్టి అదుపు తప్పితే కంచే చేను మేసినట్టవుతుంది. కాల్షియం చాలినంత ఉన్నా ఎముకలను కరిగిస్తూనే ఉంటుంది. ఎముకల నొప్పులు, కిడ్నీలో రాళ్లు అందరికీ తెలిసిన లక్షణాలే. చిక్కల్లా ఇది వేషం మార్చి వచ్చినప్పుడే.

దవడ ఉబ్బితే పంటి డాక్టరు దగ్గరికి వెళతాం. అది ఈ జబ్బు వల్ల ఎముకలో ఏర్పడిన గడ్డ కావచ్చు. మందు ముట్టనివాడికి, పిత్తాశయంలో రాళ్లు లేనివాడికి క్లోమం వాచి విపరీతమైన కడుపునొప్పి రావచ్చు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటాయి, పరీక్ష చేస్తే షుగరు ఉండదు. పెద్దవాళ్లు దిగులుగా, మతిమరుపుగా ఉంటే వయసు అనుకుంటాం. పత్తి తీసే మనిషి కూర్చుని లేవలేకపోతే నీరసం అనుకుంటాం. యార్డులో మిరప బస్తాలు మోసేవాళ్లకు రాళ్లు వస్తే ఎండ అంటాం. ఎండ నిజమే. కాని తీసిన రాళ్లు మళ్లీ మళ్లీ వస్తుంటే ఎండ ఒక్కటే కారణమని సరిపెట్టుకోకూడదు.

మన ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట 1937లో వెల్లడించింది నాటి నెల్లూరు జిల్లా నుంచే. ఆ జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి తర్వాత ప్రకాశంలో కలిశాయి. అందుకే అటు నుంచి ఎవరు ఒళ్లునొప్పులంటూ వచ్చినా 'నీళ్ల జబ్బు' అనేస్తాం. దర్శి వైపు నుంచి ఒకామె నా దగ్గరికి వచ్చింది. మిరపకాయలు కోసి బతికే మనిషి. ఏళ్ల తరబడి నీళ్ల జబ్బేనని చెప్పి ఊళ్లో కాల్షియం ఇంజెక్షన్లు వేయించారు. గట్టు మీద చిన్నగా జారితేనే తొడ ఎముక విరిగింది. ఫ్లోరోసిస్‌లో ఎక్స్‌రేలో ఎముక చిక్కగా కనబడుతుంది. ఆమె ఎముక పలచగా ఉంది. రక్తం పరీక్షిస్తే కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను రెండూ ఎక్కువే. ఆపరేషన్ చేసి ఒక్క గ్రంథిని తీశారు. మరుసటి ఏడాది కోతలకు వెళ్లింది.

అయితే ఒక మెలిక ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువైనవాళ్లలోనూ ఈ గ్రంథులు అదనంగా పనిచేయవచ్చని 1973లోనే మన దేశపు వైద్యులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. విటమిన్ డి తగ్గినా, మూత్రపిండాలు దెబ్బతిన్నా హార్మోను పెరుగుతుంది. అప్పుడు కాల్షియం సాధారణంగానో తక్కువగానో ఉంటుంది. అక్కడ సరిచేయాల్సింది మూలకారణాన్ని. కాబట్టి ఒక్క కాగితం చూసి కత్తి పట్టకూడదు. కాల్షియం, ఆల్బుమిన్, హార్మోను, విటమిన్ డి, క్రియాటినిన్ కలిపి చూడాలి.

మిత్రులారా, మీరు గుర్తుంచుకోవాల్సినవి రెండే. కాల్షియం పరీక్ష మామూలు రక్తపరీక్షే, ఖరీదైనది కాదు. రాళ్లు తిరగబెట్టినా, చిన్న దెబ్బకే ఎముక విరిగినా చేయమని అడగండి. రెండోది, ఒళ్లునొప్పులని సొంతంగా కాల్షియం బిళ్లలు, విటమిన్ డి సూదులు మొదలుపెట్టకండి. కాల్షియం ముందే ఎక్కువగా ఉంటే అవి మరింత కీడు చేస్తాయి. ఆపరేషన్ అయినవాళ్లకు మాత్రం కొన్నాళ్లు కాల్షియం పడిపోయి పెదవులు, వేళ్లు తిమ్మిరెక్కవచ్చు. వాళ్లు డాక్టరు ఇచ్చిన బిళ్లలు మానకూడదు.

మన సంఘం పెట్టే వైద్య శిబిరంలో షుగరుతో పాటు, అవసరమైనవాళ్లకు కాల్షియం పరీక్ష కూడా చేర్చమని కార్యవర్గాన్ని కోరుతున్నాను.